నల్లరేగడి తోటకు వాలే వైద్యం

వానలు ముదిరాక నల్లరేగడి ఊళ్ళలోని పెరళ్ళు చూస్తే అన్నిచోట్లా ఒకటే జబ్బు. నిన్నటిదాకా కాయలతో నిండుగా ఉన్న బొప్పాయి ఇవాళ ఆకులు వేలాడేస్తుంది. కరివేపాకు పసుపుబారి రాలిపోతుంది. మునగ మొదలు మెత్తబడి గోడ మీదికి ఒరుగుతుంది. గుంటూరు, పల్నాడు, నంద్యాల, ఖమ్మం, ఆదిలాబాద్, జహీరాబాద్... ఊరు ఏదైనా, నేల నల్లగా బరువుగా ఉన్నచోట వాన వెలిసి మూడు రోజులైనా అడుగు వేస్తే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది. అప్పుడు ఇంటివాళ్ళు చేసే పనులు కూడా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. గుప్పెడు యూరియా చల్లుతారు. ట్రాక్టరు ఇసుక తోలిస్తారు. లేదంటే మూలన గుంత తవ్వించి రాళ్ళు నింపుతారు. మూడింటికీ డబ్బు ఖర్చవుతుంది, నీరు మాత్రం తోట దాటదు. తడిసి ఉబ్బిన నల్లరేగడిలో నీరు కిందికి దిగిపోతుందన్న నమ్మకంతో ఏ పని మొదలుపెట్టినా అది తేలిపోతుంది. ఆ నేలలో మిగులు నీటికి ఉన్న దారి నేల పైభాగాన, పక్కకు. ఆ నీరు చివరికి ఎక్కడికి చేరాలో ముందు తేల్చుకొని, అక్కడికి వాలు ఇచ్చి, మొక్కల వేళ్ళను ఆ నీటి మట్టానికి పైన ఉంచడమే అసలు మందు. మిగతావన్నీ దీనికి తోడు వచ్చేవే తప్ప, దీనికి బదులు వచ్చేవి కావు.

ఎందుకో తెలియాలంటే ముందు మట్టి గుణం చూడాలి. ఇసుక రేణువు రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నది. నల్లరేగడిలో ఈ బంకమన్ను సాధారణంగా 40 నుంచి 60 శాతం. అందులోనూ ఎక్కువ పాలు స్మెక్టైట్ జాతి ఖనిజానిది. అది తన పొరల మధ్యకు నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలకు ఈ నేల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. తొలకరి వాన ఆ నెర్రెల్లో పడి నేరుగా లోపలికి జారిపోతుంది. అది చూసి మా నేల నీళ్ళు బాగా తాగుతుందని చాలామంది ధీమాగా ఉంటారు. రెండు మూడు మంచి వానలు పడేసరికి నేల ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, అక్కడితో ఆ దారి బందు. పూర్తిగా తడిసిన తర్వాత ఏ నేల ఎంత వేగంగా నీటిని ఇంకించుకుంటుందో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఇచ్చిన లెక్క ఉంది. ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్లకు పైన, గరప నేల 10 నుంచి 20, బంక నేల 1 నుంచి 5. ఈ అంకెలను ఒక పెరడుకు వర్తింపజేద్దాం. ఐదు సెంట్ల స్థలమంటే సుమారు 200 చదరపు మీటర్లు. వాయుగుండం పట్టిన రోజున 100 మిల్లీమీటర్ల వాన పడటం మన కోస్తాలో వింతేమీ కాదు. అంటే ఆ ఐదు సెంట్ల మీద 20 వేల లీటర్ల నీరు. గంటకు రెండు మిల్లీమీటర్ల చొప్పున ఇంకినా 50 గంటలు పడుతుంది. అది కూడా కింద మట్టిలో ఇంకా ఖాళీ ఉంటేనే. శ్రావణ భాద్రపదాల్లో ఆ ఖాళీ ఉండదు, రెండు రోజుల వ్యవధి కూడా వాన ఇవ్వదు.

నీరు రెండు మూడు రోజులు నిలిస్తే మొక్కకు ఏమవుతుందిలే అనుకోవడం ఇంకో పొరపాటు. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లోని గాలే దానికి ఆధారం. ఆ సందులు నీటితో నిండితే ఆక్సిజన్ కదలిక గాలిలో ఉన్నదానికన్నా పది వేల రెట్లు మందగిస్తుంది. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను వేళ్ళు, సూక్ష్మజీవులు కలిసి ఒకటి రెండు రోజుల్లో తినేస్తాయి. తర్వాత కొన్ని సూక్ష్మజీవులు మట్టిలోని నైట్రేటు నుంచి ఆక్సిజన్ లాక్కుంటాయి, నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. ఆకు పసుపు రంగుకు తిరగడానికి ఇదొక కారణం. ఆ పసుపు చూసి యూరియా చల్లితే, వేరు పీల్చుకోలేని స్థితిలో ఉండగా ఎరువు వేసినట్టే. పైగా పైథియం, ఫైటోఫ్తోరా వంటి తెగుళ్ళ బీజాలు నీటిలో ఈదుకుంటూ వేరును చేరతాయి. బొప్పాయి మొదలు కుళ్ళడం, పసుపులో దుంపకుళ్ళు, నిమ్మ బత్తాయిల్లో బంక తెగులు అన్నీ ఈ కోవలోనివే. దుగ్గిరాల వైపు అడిగినా, నిజామాబాద్ వైపు అడిగినా పసుపు రైతుకు దుంపకుళ్ళు అంటే నీరు నిలిచిన పొలమే గుర్తుకొస్తుంది. మొదట్లో మందు పోస్తే కొంత ఆగుతుంది. నీరు అలాగే నిలిచి ఉంటే మందు ఎన్నిసార్లు పోసినా తెగులు తిరిగి వస్తుంది. నేల ఊపిరాడక ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అడుగు లోతు తవ్వితే మట్టి బూడిద రంగుకు తిరిగి, మధ్యమధ్య తుప్పు మచ్చలతో ఉంటుంది, కుళ్ళిన వాసన వేస్తుంది. పైన పాచి పడుతుంది. ఎంత పీకినా తుంగ మళ్ళీ మళ్ళీ మొలుస్తుంది.

ఇప్పుడు ఇంకుడు గుంత సంగతి. దీన్ని కాదంటే చాలామందికి కోపం వస్తుంది. అది న్యాయమైన కోపమే. ఇంటింటా ఇంకుడు గుంత కావాలని ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి చెబుతున్నాయి, ఎర్ర నేలల్లో, దుబ్బ నేలల్లో ఆ మాట అక్షరాలా నిజం. నల్లరేగడిలో మాత్రం లెక్క వేసి చూడాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు గుంత తవ్వి రాళ్ళు నింపామనుకుందాం. రాళ్ళ మధ్య ఖాళీ 40 శాతం ఉంటుందనుకుంటే అందులో పట్టేది 600 లీటర్లు. మన పెరట్లో పడిన నీరు 20 వేల లీటర్లు. సరే, గుంత నిండుతూ ఇంకుతూ ఉంటుంది కదా అంటారా? దాని నాలుగు గోడలు, అడుగు కలిపితే ఏడు చదరపు మీటర్లు. గంటకు రెండు మిల్లీమీటర్ల చొప్పున అది వదిలించుకునేది గంటకు 14 లీటర్లు. ఒక్కసారి నిండిన గుంత ఖాళీ కావడానికే 43 గంటలు. పైగా చుట్టూ ఉన్న మట్టి కూడా నానిపోయి ఉంటే గుంతలోకి నీరు ఊరుతుందే తప్ప బయటికి పోదు. ఒక మినహాయింపు ఉంది. కొన్నిచోట్ల నల్లమట్టి నాలుగైదు అడుగులకే అయిపోయి కింద మొరం తగులుతుంది. ఆ మొరంలోకి దిగేలా తవ్విన గుంత పనిచేస్తుంది. కనుక తవ్వించే ముందు పరీక్షించాలి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు పోసి ఇంకనివ్వాలి, మర్నాడు మళ్ళీ నింపి గంటకు ఎంత తగ్గిందో కొలవాలి. అంగుళం కూడా తగ్గకపోతే పైపొరలో గుంతను నమ్ముకోకూడదు. మొరం ఎంత లోతున ఉందో పక్కింటి బావినో బోరు వేసిన మనిషినో అడిగితే తెలుస్తుంది.

ఇసుకకు కూడా ఇదే పరిశీలన అవసరం. బంకమన్నులో ఇసుక కలిపితే గుల్లబారుతుందని వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కొద్దిపాటి ఇసుక కలిపితే దాని రేణువుల మధ్య ఖాళీల్లోకి బంకమన్ను దూరి కూర్చుంటుంది. ఎండాక ఆ మట్టి మునుపటికన్నా గట్టిపడుతుంది. నేల గుణం నిజంగా మారాలంటే ఘనపరిమాణంలో సగానికి మించి ఇసుక ఉండాలి. ఐదు సెంట్లలో అడుగు లోతున అంత ఇసుక నింపడం ఎవరి తరమూ కాదు, ఏరుల్లో అంత ఇసుకా లేదు. ఇక గొయ్యి తవ్వి, అందులో ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక కలిపి మొక్క నాటడం మన నర్సరీలన్నీ చెప్పే పద్ధతి. ఎర్ర నేలలో అది మేలే. నల్లరేగడిలో ఆ గొయ్యి అడుగున రంధ్రం లేని తొట్టి అవుతుంది. చుట్టూ ఉన్న గట్టి మట్టి మీదుగా వచ్చే నీరంతా ఆ మెత్తటి గోతిలోకే చేరి నిలుస్తుంది. ఖరీదైన మొక్క ఏపుగా పెరిగి రెండో వానకాలంలో హఠాత్తుగా పోవడానికి తరచూ కారణం ఇదే. జిప్సం గురించి కూడా ఒక మాట. చౌడు నేలలో, అంటే సోడియం ఎక్కువై మట్టి చెదిరి గట్టిపడే నేలలో, జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తప్పిస్తుంది. అక్కడ అది మంచి మందు. మామూలు నల్లరేగడిలో కాల్షియానికి కొదువ ఉండదు. తవ్వితే కనిపించే తెల్లటి సున్నపు గుళికలే అందుకు సాక్ష్యం. భూసార పరీక్షలో ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం ఎక్కువగా ఉందని తేలితేనే జిప్సం వేయాలి. అప్పుడు కూడా విడివడిన సోడియం నీటితో కొట్టుకుపోవాలి కనుక ఆ నీరు బయటికి పోయే దారి ఉండాల్సిందే.

కిందికి దారి లేకపోతే పక్కకు పంపాలన్న ఆలోచనకు మన దగ్గరే బలమైన రుజువు ఉంది. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ ఆవరణలో ఎర్ర నేలలూ ఉన్నాయి, నల్ల నేలలూ ఉన్నాయి. నల్లరేగడి రైతులు చాలాచోట్ల వానకాలంలో పొలాన్ని బీడుగా వదిలేసి, వానలు తగ్గాక నేలలో మిగిలిన తేమ మీద జొన్నో శనగో వేసుకునేవాళ్ళు. వాన రోజుల్లో ఆ జిగట నేలలో నాగలి దిగదు, కలుపు తీయడానికి మనిషి దిగలేడు. వాన పుష్కలంగా ఉన్న నాలుగు నెలలూ పొలం ఖాళీగా ఉండటం శాస్త్రవేత్తలను ఆలోచింపజేసింది. 1970లలో వాళ్ళు నల్లరేగడికి కుదిర్చిన పద్ధతి చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. మీటరున్నరకు ఒక వరస చొప్పున వెడల్పాటి ఎత్తు మడి, దాని పక్కన అర మీటరు కాలువ. కాలువలకు నూటికి 0.4 నుంచి 0.8 వంతు వాలు. ఆ కాలువలన్నీ గడ్డి పెంచిన ఒక పెద్ద కాలువలో కలుస్తాయి, అది పొలం అడుగున ఉన్న కుంటలో కలుస్తుంది. వాన నీరు మడి మీద నిలవదు, వేగంగా పారి మట్టిని కొట్టుకుపోనూ పోదు. 1976 నుంచి అక్కడ సాగుతున్న దీర్ఘకాలిక ప్రయోగంలో మెరుగైన పద్ధతి పొలం ఏడాదికి హెక్టారుకు సగటున 5.1 టన్నుల గింజ ఇచ్చింది. పాత పద్ధతి పొలం 1.1 టన్నులు ఇచ్చింది. ఈ తేడా అంతా మురుగు పోవడం వల్లే వచ్చిందనడం సరికాదు. మేలైన విత్తనాలు, ఎరువులు, జొన్న కంది కలిపి వేయడం, వానకాలపు పంట అదనంగా రావడం అన్నీ అందులో ఉన్నాయి. అయితే ఆ వానకాలపు పంటకు నేలను అనువుగా చేసింది మడి, కాలువ, వాలే. లక్షలు ఖర్చయ్యే యంత్రాంగమేదీ అక్కడ లేదు. నేల ఆకారాన్ని కాస్త మార్చారు, అంతే.

అదే సూత్రం పెరటికి దించితే పని ఇలా నడుస్తుంది. మొదటి పని చివరి నుంచి మొదలవుతుంది. తోటలో అన్నిటికన్నా పల్లం ఎక్కడ, అక్కడి నుంచి నీరు వీధి కాలువలోకి పోగలదా, లేక మన స్థలంలోనే ఒక కుంటకు చోటుందా అన్నది తేలకుండా పార పట్టకూడదు. కంటిచూపు ఈ విషయంలో మోసం చేస్తుంది. తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టం పెట్టి మట్టాలు చూస్తే, ఎత్తుగా ఉందనుకున్న మూల పల్లమని తేలడం మామూలే. వాన కురుస్తుండగా గొడుగు వేసుకొని నీరు ఎటు నుంచి వస్తోందో, ఎక్కడ ఆగుతోందో చూసి పుల్లలు పాతుకుంటే అంతకు మించిన సర్వే లేదు. తర్వాత బయటి నుంచి వచ్చే నీటిని ఆపాలి. చాలా ఇళ్ళలో తోట మునగడానికి సగం కారణం మేడ. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే తొమ్మిది వేల లీటర్లకు పైగా నీరు గొట్టాల్లోంచి తిన్నగా పెరట్లో పడుతుంది. దాన్ని సంపుకు కలిపితే తోటకు పోటు తగ్గుతుంది, ఇంటికి నీరు దక్కుతుంది. ఎగువ నుంచి ఇరుగుపొరుగు నీరు వచ్చే పక్షంలో ఆ హద్దు వెంట ఒక అడ్డ కాలువ తీసి పక్క నుంచి తప్పించాలి. ఈ రెండు పనులు చేశాక మిగిలేది తోట మీద పడిన వానే.

ఇక మడులు. నాలుగడుగుల వెడల్పు మడి, పక్కన ఒకటిన్నర అడుగు వెడల్పున తొమ్మిది అంగుళాల లోతు కాలువ తీసి, ఆ మట్టిని మడి మీదికే వేస్తే మడి మూడు అంగుళాలకు పైగా లేస్తుంది. మడి తలానికీ కాలువ అడుగుకూ మధ్య మొత్తం అడుగు ఎడం వస్తుంది. బయటి నుంచి ఒక్క తట్ట మట్టి కూడా తేనక్కర్లేదు. కాలువకు ఇరవై మీటర్ల పొడవులో పది నుంచి ఇరవై సెంటీమీటర్ల వాలు చాలు. అంతకు మించితే తడిసిన నల్లమట్టి గట్టు కోసుకుపోతుంది. కాలువ అడుగు చదునుగా ఉండాలి, మధ్యలో ఒక్క గుంట ఉన్నా అక్కడ నీరు ఆగి పాచి పడుతుంది. కూరగాయలకు, పసుపు అల్లాలకు, మల్లె మొక్కలకు ఈ ఎత్తు సరిపోతుంది. నిమ్మ, బొప్పాయి, మునగ, కరివేపాకు వంటివాటికి రెండడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు దిబ్బ కావాలి. మొక్క మొదలు చుట్టుపక్కల మట్టానికన్నా కాస్త పైకే ఉండేలా నాటాలి. పాదు విషయంలో మన అలవాటు కొంచెం మారాలి. ఎండాకాలంలో నీళ్ళు నిలవడానికి మొదలు చుట్టూ తీసే పాదు వానకాలంలో అదే చెట్టుకు చేటు చేస్తుంది. మృగశిర కార్తె రాగానే పాదు పూడ్చి, మొదలు దగ్గర మట్టి ఎగదోసి, నీరు బయటికి జారేలా చేయాలి. వానలు వెళ్ళాక మళ్ళీ తీసుకోవచ్చు. ఎంత చేసినా తడి ఆరని పల్లపు మూల ఒకటి మిగలవచ్చు. దాంతో పోరాడటం కన్నా అక్కడ చేమదుంప వేయడం, చోటుంటే నేరేడో తెల్లమద్దో నాటడం తెలివైన పని. అవి తడిని ఓర్చుకుంటాయి.

దీని మీద అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. వేసవిలో బోర్లు ఎండిపోయే రాష్ట్రాల్లో ఉంటూ వాన నీటిని బయటికి పంపమనడం ఏం న్యాయం? ప్రతి చుక్కనూ నేలలోనే నిలపాలి కదా? ఈ మాటను తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. కాకపోతే నిలిపిన నీరు, నిలిచిపోయిన నీరు ఒకటి కావు. మీటరు లోతు నల్లరేగడి మొక్కకు అందే నీటిని 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా తనలో దాచుకోగలదు. మడి చేసినా ఆ నిల్వ ఎక్కడికీ పోదు. కాలువలో పారేది ఆ నిల్వ నిండాక మిగిలిన నీరు. దాన్ని మడిలోనే ఆపితే భూగర్భంలోకి చేరదు, వేళ్ళను చంపి ఆవిరైపోతుంది. ఇక్రిశాట్ పొలాల్లో కాలువల చివర కుంట ఉన్నది ఇందుకే. అక్కడ చేరిన నీటిని ఎద్దడి రోజుల్లో పంటకు ఇవ్వవచ్చు. పెరట్లో కుంటకు చోటు లేకపోతే వీధిలో, కాలనీలో, ఊరి చెరువులో ఆ చోటు ఉండాలి. నీటిని ఇంకించే పని కూడా మొరం, ఇసుక పొర ఉన్నచోట జరగాలి. ప్రతి పెరడూ ఆ పని చేయాలని నల్లమట్టిని శాసించలేం. ఎత్తు మడులు వేసవిలో త్వరగా ఎండిపోతాయన్న అభ్యంతరం ఇంతకన్నా చిన్నది. ఇసుక నేలలో అది నిజం. నల్లరేగడిలో ఆకులూ అలములూ కప్పితే మడి చాలా రోజులు తేమ పట్టుకుంటుంది. మాఘం వచ్చాక కాలువ కొసన మట్టితో అడ్డుకట్ట వేసి, కాలువలోకి నీళ్ళు వదిలితే మడికి రెండు పక్కల నుంచి తడి అందుతుంది. వానకాలంలో మురుగు తీసిన కాలువే వేసవిలో తడి ఇస్తుంది.

భూమిలో గొట్టాలు వేస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. అది కూడా మన దగ్గర పరీక్షకు నిలిచిన విద్యే. బాపట్ల శాస్త్రవేత్తలు నెదర్లాండ్స్ సహకారంతో సాగర్ కుడి కాలువ కింది కోనంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టా చివర ఉప్పుగుండూరులో భూగర్భ మురుగు గొట్టాలు వేసి చూశారు. కాలువ నీటి వల్ల నేలలో నీటి మట్టం పైకి లేచి, ఉప్పు పేరుకున్న పొలాలవి. అక్కడి సమస్య లోపలి నుంచి వచ్చినది కనుక మందు కూడా లోపలే వేయాల్సి వచ్చింది. మన పెరటి సమస్య పైన పడిన వాన. గొట్టం రెండడుగుల కింద ఉంటే, పైనున్న బంకమట్టి దాటి నీరు దాన్ని చేరేదెలా? గొట్టం మీద నేలమట్టం దాకా కంకర నింపితే తప్ప చేరదు. అప్పుడది కంకర నింపిన కాలువే అవుతుంది. దానికి కూడా వాలు కావాలి, బయటి చివర కావాలి. ఇంటి గోడ వారగానో, నడిచే దారి కిందుగానో తెరిచిన కాలువ పెట్టడానికి వీల్లేనిచోట ఆ ఖర్చు సబబే. తోటంతా గొట్టాలు పరవడం మాత్రం కాలువ చేసే పనికి పది రెట్లు పెట్టడం.

నేల గుణాన్ని మెల్లగా మార్చే పని ఇంకోవైపు సాగుతూనే ఉండాలి. పశువుల ఎరువు, కంపోస్టు మట్టి కణాలను గుంపులుగా కూర్చి వాటి మధ్య సందులు పెంచుతాయి. జీలుగ నీటి తడిని తట్టుకొని పెరుగుతుంది, పూత దశలో కలియదున్నితే వేళ్ళు కుళ్ళినచోట సన్నటి దారులు మిగులుతాయి. కంది వేరు ఇంకా లోతుకు దిగుతుంది. ఇదంతా ఏళ్ళు పట్టే పని, అందాకా మొక్కలను బతికించేది మడే. ఇంకో జాగ్రత్త పదును చూసుకోవడం. మట్టిని పిడికిట పట్టి ముద్ద చేసి వేలితో నొక్కితే పొడిగా విడాలి. తీగలా సాగితే ఆ రోజు పార ముట్టకూడదు. తడి నల్లరేగడిలో తవ్వినా, తొక్కినా ఉన్న కాస్త సందులూ పూడి ఆ మట్టి ఎండాక రాయవుతుంది. ఏడాది పొడుగునా మనుషులు నడవాల్సింది కాలువల్లో, మడుల మీద కాదు. వానలు వెళ్ళి, నేల ఇంకా పూర్తిగా బిగుసుకోని కార్తీక మార్గశిరాలు ఈ పనికి మంచి అదను.

ఇంత చేసినా ఆఖరి మాట హద్దు గోడ అవతల ఉంది. వీధి కాలువ మన తోటకన్నా ఎత్తులో ఉంటే ఎంత చక్కటి వాలైనా నిష్ఫలం. మన పట్టణాల్లో జరుగుతున్నది అదే. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తారు, ప్రతిసారీ వీధి కొంత లేస్తుంది, ఇళ్ళు పల్లంలో పడతాయి. అప్పుడు ఒకరు ఎర్రమట్టి తోలించి స్థలమంతా మెరక చేస్తారు, ఆ నీరు పక్కింటికి పోతుంది, పక్కింటివారు ఇంకో అడుగు లేపుతారు. వేళ్ళున్నచోట మడి లేపడానికి, స్థలమంతా లేపడానికి ఉన్న తేడా ఇదే: మొదటిది నీటికి తోవ మిగులుస్తుంది, రెండోది ఎదుటివారి నెత్తిన పోస్తుంది. పెద్ద ఎత్తున ఇదే కథ డెల్టాల్లో నడిచింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. నీరు తెచ్చే కాలువలకు దక్కిన శ్రద్ధ నీరు తీసే కాలువలకు దక్కలేదు. 1960లలో మిత్ర కమిటీ ఈ మురుగు సమస్య మీదే కూర్చుంది, డెల్టా రైతుల నుంచి మురుగు పన్ను వసూలుకు 1968లో చట్టమే వచ్చింది. అయినా డ్రెయిన్లలో గుర్రపు డెక్క, పూడిక, ఆక్రమణలు నేటికీ వార్తలే. అమరావతి నల్ల నేలల మధ్య పారే కొండవీటి వాగు కృష్ణకు వరద వచ్చినప్పుడు నదిలో కలవలేక వెనక్కి తన్నుతుంది. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు తోడే పంపులు పెట్టాల్సి వచ్చింది. రాజధాని నీటికే చివర వెతకాల్సి వచ్చినప్పుడు కాలనీ నీటికి అక్కర్లేదా? రోడ్డు వేసే ముందు పాత పొర తీయాలని, మురుగు కాలువ అడుగు ఇళ్ళ పెరళ్ళకన్నా పల్లంలో ఉండేలా మట్టాలు తీసి చూపించాలని, ఆ కాలువ ఏ వాగులో ఏ చెరువులో కలుస్తుందో కాగితం మీద పెట్టాలని కాలనీ సంఘం టెండరు దశలోనే అడగాలి. కాంక్రీటు పోశాక దాన్ని సరిచేయడం ఎవరి వల్లా కాదు.